గేజ్‌లో పదిహేను చూపిస్తే అంతా చచ్చినట్టేనా?

"బ్లీచింగ్ కొట్టామండి, అయినా విబ్రియో వచ్చిందంటారేంటండి?" విబ్రియో అంటే రొయ్యలకి రోగం తెచ్చే బ్యాక్టీరియా. రొయ్యల చెరువుల శాంపిళ్లు పరీక్షించే భీమవరం చుట్టుపక్కల ఆక్వా ల్యాబుల్లో పనిచేసేవాళ్లకి ఈ ప్రశ్న కొత్త కాదు. అడిగిన రైతుది తప్పు కాదు. ల్యాబులో ఉన్న మనలోనే ఇలాంటి నమ్మకాలు చాలా ఉన్నాయి. వేడి పెట్టాం, మందు పోశాం, ఇక చచ్చాయి అనుకుంటాం. ఎంత వేడి, ఎంతసేపు, అది సూక్ష్మజీవికి నిజంగా తగిలిందా అన్నది చూడం. కొత్తగా పనిలో చేరిన పిల్లలకి నేను చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: గేజ్ 15 పౌండ్లు చూపిస్తే ఆటోక్లేవ్ పని అయిపోయినట్టే.

ఆటోక్లేవ్ అంటే ప్రెషర్ కుక్కర్ లాంటిదే, ఆవిరితో సామానులోని సూక్ష్మజీవుల్ని చంపే పాత్ర. చంపేది ఒత్తిడి కాదు, వేడి. ఆవిరిని 100 డిగ్రీలు దాటించడానికే ఆ ఒత్తిడి. లోపల ఉన్నదంతా ఆవిరే అయితే 15 పౌండ్ల దగ్గర 121 డిగ్రీల సెల్సియస్ వస్తుంది, అక్కడ 15 నిమిషాలు ఉంచుతాం. కానీ లోపల గాలి సగం మిగిలిపోతే అదే 15 పౌండ్ల దగ్గర 112 డిగ్రీలే ఉంటుంది. గేజ్‌కి గాలికీ ఆవిరికీ తేడా తెలియదు.

నేను దీన్ని ఖర్చు పెట్టి నేర్చుకున్నాను. మొదట పనిచేసిన ల్యాబులో, కరెంటు పోతుందేమోనన్న టెన్షన్‌లో మీడియా (బ్యాక్టీరియాని పెంచే ఆహారం) ఉన్న ఫ్లాస్కులు ఇరికించి పెట్టి, ఆవిరి ఇంకా తుంపులు తుంపులుగా వస్తుండగానే వాల్వ్ మూసేశాను. గేజ్ సరిగ్గానే చూపించింది. రెండో రోజుకి ఆ మీడియా పోసి, ఏ శాంపిలూ వేయని ప్లేట్లలో కూడా మీగడ రంగు కాలనీలు (సూక్ష్మజీవుల గుంపులు) లేచాయి. ఆ బ్యాచ్ మీద చేసిన లెక్కలన్నీ పక్కన పడేసి, రైతులకి ఫోన్ చేసి మళ్లీ నీళ్లు తెమ్మని అడగాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఆవిరి ఆగకుండా ధారగా వచ్చేదాకా వాల్వ్ మూయను. ఫ్లాస్కుల మధ్య చెయ్యి దూరేంత ఖాళీ ఉంచుతాను. లీటరు ఫ్లాస్కు నడుమ దాకా వేడెక్కడానికి చిన్న ట్యూబు కంటే చాలా ఎక్కువసేపు పడుతుంది కాబట్టి రెండిటినీ ఒకే లోడులో పెట్టను.

ఆటోక్లేవ్ టేపు మీద నల్ల చారలు వస్తే చాలనుకోవడం కూడా పొరపాటే. అక్కడికి వేడి వచ్చిందని అది చెబుతుంది, చచ్చాయని చెప్పదు. ఆ సంగతి తేలాలంటే వేడిని బాగా తట్టుకునే జియోబాసిల్లస్ స్టీరోథర్మోఫిలస్ అనే బ్యాక్టీరియా స్పోర్లు (గట్టి పొరతో నిద్రలో ఉండే రూపం) ఉన్న స్ట్రిప్పు లోడు మధ్యలో పెట్టి, తర్వాత దాన్ని పెంచి చూడాలి. ఇంకో మాట. మన దగ్గర చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పు. అవి పోస్తే హీటర్ కాయిల్ మీద తెల్లగా పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటర్ పోయండి.

అపోహ: హాట్ ఎయిర్ ఓవెన్ ఇంకా ఎక్కువ వేడి కాబట్టి త్వరగా చంపుతుంది.

ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు ఆవిరి తగిలితే చెయ్యి బొబ్బలెక్కుతుంది. అంతే వేడున్న పొడి గాలిలో చెయ్యి పెట్టి వెంటనే తీసేస్తే ఏమీ కాదు. సూక్ష్మజీవికీ ఇదే లెక్క. తడి ఉంటే ప్రోటీన్లు త్వరగా గడ్డకడతాయి. అందుకే పొడి వేడికి 160 డిగ్రీల్లో రెండు గంటలు కావాలి. గాజు సామానుకి అది మంచిది, మీడియాకి కాదు.

అపోహ: మరిగిస్తే ఏదీ మిగలదు.

స్పోర్లు మిగులుతాయి. 1877లో టిండాల్ అనే శాస్త్రవేత్త కనిపెట్టిన ఉపాయం దీనికోసమే: ఒకరోజు వేడి చేసి, మిగిలిన స్పోర్లని మొలకెత్తనిచ్చి, మర్నాడు మళ్లీ, మూడోరోజు మళ్లీ వేడి చేయడం. అలాగని అన్నిటినీ ఆటోక్లేవ్‌లోకి తోయకూడదు. మనం విబ్రియో కోసం వాడే టీసీబీఎస్ అనే మీడియాని మరిగించి పోయాలి, ఆటోక్లేవ్ చేస్తే పాడవుతుంది. దానిలోని పైత్య లవణాలు, 8.6 దగ్గరుండే పీహెచ్ కలిసి మిగతా బ్యాక్టీరియాని చాలావరకు అణిచిపెడతాయి.

అపోహ: 70 శాతం కంటే 100 శాతం ఆల్కహాల్ ఘాటు, కాబట్టి మేలు.

ప్రోటీన్లు విరగాలంటే నీరు ఉండాలి. నీరు లేని ఆల్కహాల్ పైపొరని గట్టిపరిచి, లోపలికి దిగకముందే ఆరిపోతుంది. 70 శాతం కాసేపు తడిగా నిలుస్తుంది. స్పోర్లని మాత్రం ఏ ఆల్కహాలూ చంపదు. ఈ సంగతి 1881లోనే జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ ఆంథ్రాక్స్ స్పోర్ల మీద చూపించాడు.

అపోహ: బ్లీచింగ్ వాసన వస్తోందంటే పనిచేస్తోందని.

నాకు బాగా బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే దీనివల్ల రైతు డబ్బు నీళ్లలో పోతుంది. తాజా బ్లీచింగ్ పౌడర్‌లో పనికొచ్చే క్లోరిన్ మూడో వంతు దాకా ఉంటుంది. మన డెల్టా ఉక్కలో బస్తా మూతి విప్పి ఉంచితే తేమ పీల్చి, ముద్దకట్టి, ఆ బలం పోతూ ఉంటుంది. వాసన మాత్రం ఇంకా వస్తూనే ఉంటుంది.

పీహెచ్ సంగతి చాలామంది పట్టించుకోరు. క్లోరిన్ నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. వాటిలో గట్టిగా చంపేది హైపోక్లోరస్ ఆమ్లం. పీహెచ్ 7.5 దగ్గర అది సుమారు సగం ఉంటుంది, 8 దాటితే బాగా తగ్గిపోతుంది. మధ్యాహ్నం చెరువు పీహెచ్ పైకి ఎక్కుతుంది, ఎండ కూడా క్లోరిన్‌ని విరిచేస్తుంది. దాని మీద అడుగు బురద, మిగిలిన మేత చేరితే సూక్ష్మజీవుల కంటే ముందు క్లోరిన్‌ని అవే తినేస్తాయి.

ల్యాబులో వాడేసిన పిపెట్లు, చెత్త వేసే డిస్కార్డ్ జార్‌ది కూడా ఇదే కథ. రొయ్య కాలేయం నూరిన గుజ్జు పడేకొద్దీ అందులోని హైపోక్లోరైట్ (క్లోరిన్ మందు) బలం పోతుంది. ఏ రోజుది ఆ రోజే కలపాలి. పిపెట్లు పూర్తిగా మునగాలి, కనీసం అరగంట ఉండాలి. ఆ జార్‌లో ఆసిడ్ గానీ అమోనియా గానీ ఎప్పుడూ పోయకండి, విషవాయువు వస్తుంది. హైపోక్లోరైట్ ఉన్న చెత్తని ఆటోక్లేవ్‌లోనూ పెట్టకండి.

అపోహ: యూవీ లైటు వెలిగితే లామినార్ శుభ్రమే.

లామినార్ అంటే వడకట్టిన గాలి వీచే పని బల్ల. అందులోని యూవీ లైటు 254 నానోమీటర్ల కిరణం తగిలినచోటే చంపుతుంది. నీడలో ఉన్నది బతుకుతుంది. ప్లేటు మూత, ఫ్లాస్కు గాజు దాన్ని ఆపేస్తాయి. ట్యూబు మీద దుమ్ము ఉన్నా, ట్యూబు పాతబడినా నీలిరంగు వెలుగు కనిపిస్తుంది గానీ బలం ఉండదు. ముందు స్పిరిట్‌తో తుడవండి, తర్వాతే లైటు. అది వెలుగుతుండగా చెయ్యి, కన్ను అటు పెట్టకండి.

అపోహ: ఐసులో పెడితే శాంపిల్ ఎలా ఉన్నది అలాగే ఉంటుంది.

మామూలుగా చలి చంపదు, పెరుగుదలని ఆపుతుంది. మనమే బ్యాక్టీరియా స్ట్రెయిన్లని (రకాలని) గ్లిసరాల్‌లో కలిపి మైనస్ 80లో ఏళ్ల తరబడి దాస్తాం. కానీ విబ్రియోకి చలి బొత్తిగా పడదు. రొయ్యల్ని నేరుగా ఐసు ముక్కల్లో గుచ్చి తెస్తే కొన్ని చస్తాయి, కొన్ని బతికే ఉన్నా ప్లేటు మీద లేవవు. అప్పుడు కౌంట్ తక్కువ వస్తుంది, రైతు చెరువు బాగుందనుకుంటాడు. అందుకే మా దగ్గరికి వచ్చేవాళ్లకి చెబుతాను: కవరుకీ ఐసుకీ మధ్య గోనెపట్టా మడతపెట్టండి, నీళ్ల సీసా ఐసుకి తగలకుండా చూడండి, ఉదయం తీసిన శాంపిల్ మధ్యాహ్నం లోపే చేర్చండి.