బోర్డు ముందు కూర్చున్న రోజులు: పిల్లలకు ఉత్తరం

విశాఖపట్నం

చిరంజీవులు సాహితికి, కార్తీక్‌కు, మీ ఈడు పిల్లలందరికీ మీ అమ్మమ్మ ఆశీర్వదించి రాయునది.

సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు మన అపార్ట్‌మెంటు గేటుకు కొత్తగా బిగించిన కెమెరాను చూసి కార్తీక్ నన్నొక మాట అడిగాడు. "తప్పు చేయనివాళ్లను ప్రభుత్వం చూస్తే మాత్రం ఏమవుతుంది అమ్మమ్మా?" అన్నాడు. అరిసెల హడావిడిలో ఆ పూట సరైన జవాబు చెప్పలేకపోయాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదలలేదు, ఎందుకంటే నేను ఉద్యోగం చేసిన ఏళ్లలో చాలా భాగం పరాయివాళ్ల మాటలు వినగలిగే చోట కూర్చున్నాను.

అప్పట్లో నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌ను. దూరపు ఊరికి ఫోను చేయాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసుకుని గంటల తరబడి ఎదురుచూసే రోజులవి. హెడ్‌సెట్ పెట్టుకుని, బోర్డు మీద ఒక తీగ ఇక్కడా ఇంకో తీగ అక్కడా గుచ్చి ఇద్దరు మనుషులను కలిపేవాళ్లం. లైను కలిసిందో లేదో తెలియడానికి ఒక్క క్షణం వినక తప్పదు. అవతలి మనిషి "హలో" అనగానే మీట తిప్పి తప్పుకోవాలి. ఒక రాత్రి డ్యూటీలో నేను ఆ మీటను వెంటనే తిప్పలేదు. పూర్ణా మార్కెట్‌లో పప్పులు అమ్మే ఒక పెద్దాయన, కూతురి సంబంధం ఎందుకు తప్పిపోయిందో కటక్‌లో ఉన్న తమ్ముడికి చెప్పుకుని ఏడుస్తున్నాడు. రెండు నిమిషాలు విని ఉంటాను. మరుసటి వారం ఆయన కొట్లో కందిపప్పు తూయించుకుంటుంటే ఆయన ఎప్పటిలాగే నవ్వుతూ పలకరించాడు, నేను తలెత్తి చూడలేకపోయాను. ఆయన ఇంటి గుట్టు నాకు తెలుసు, నాకు తెలుసన్న సంగతి ఆయనకు తెలియదు. నేను ఎవరికీ చెప్పలేదు, ఆయనకు ఏ నష్టమూ కలగలేదు, ఆయన చేసిన తప్పంటూ ఏదీ లేదు. అయినా ఆయన నాకంటే ఒక మెట్టు కిందికి దిగిపోయాడు, అది నేను చేసిన పని. కార్తీక్, నీ ప్రశ్న విన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆయన ముఖమే.

ఇదే సంగతి మీద సుప్రీంకోర్టులో ఒక పాత కేసు ఉంది. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖరక్ సింగ్‌ను 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేదని వదిలేశారు. వదిలేసిన తర్వాత కూడా పోలీసులు అతని పేర హిస్టరీ షీటు, అంటే అనుమానితుల మీద కన్నేసి ఉంచడానికి పెట్టే ఖాతా, తెరిచి, రాత్రిపూట తలుపు తట్టి ఇంట్లో ఉన్నాడో లేడో చూసేవారు. 1962లో సుప్రీంకోర్టు ఆ రాత్రి తనిఖీలను కొట్టివేసింది గాని, గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదంటూ మిగిలిన నిఘాను అలాగే ఉండనిచ్చింది. ఆ కేసు విన్న న్యాయమూర్తుల్లో ఒకరైన, రాజమహేంద్రవరంలో పుట్టిన కోకా సుబ్బారావు గారు ఆ తీర్పుతో విభేదించారు. అడుగడుగునా తనను ఎవరో కనిపెడుతున్నారని తెలిసిన మనిషి, కాళ్లకు సంకెళ్లు లేకపోయినా స్వేచ్ఛగా కదలలేడని ఆయన వాదించారు. యాభై అయిదేళ్లు గడిచాక, 2017 ఆగస్టు 24న, తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెప్పి, సుబ్బారావు గారు నిలబడిన వైపే వచ్చి నిలబడ్డారు. మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఆయన మీద ఒక పాఠం ఉండాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ప్రభుత్వం ఎవరి ఫోనూ వినకూడదని నేను అనను. పసిపిల్లను ఎత్తుకుపోయినవాడి ఫోను, బాంబు పెట్టబోయేవాడి ఫోను వినవలసిందే. అందుకు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టమే మొన్నమొన్నటి వరకు ఆధారం. పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్ అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసులో 1996లో సుప్రీంకోర్టు దానికి కొన్ని కట్టుబాట్లు పెట్టింది: హోం శాఖ కార్యదర్శి రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి, అది రెండు నెలలే చెల్లుతుంది, పొడిగించినా మొత్తం ఆరు నెలలు దాటకూడదు, ఒక సమీక్షా కమిటీ ఆ ఉత్తర్వులను పరిశీలించాలి. 2023లో కొత్త టెలికాం చట్టం వచ్చినా ఈ ఏర్పాటు స్వరూపం పెద్దగా మారలేదు. ఆ కమిటీలో ఉండేవాళ్లంతా ప్రభుత్వ కార్యదర్శులే, న్యాయమూర్తి ఒక్కరూ లేరు. కేంద్రం నెలకు సగటున 7,500 నుంచి 9,000 వరకు ఇలాంటి ఉత్తర్వులు ఇస్తోందని పదేళ్ల కిందట సమాచార హక్కు దరఖాస్తుకు వచ్చిన జవాబు వల్ల బయటపడింది. రెండు నెలలకోసారి కూర్చునే కమిటీ ముందుకు ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఉత్తర్వులు వస్తున్నాయని వ్యక్తిగత డేటా రక్షణ గురించి వేసిన జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ 2018లో రాసింది. మీరే లెక్క వేయండి. నెలకు 9,000 అంటే ఆదివారాలతో కలిపి రోజుకు 300. ఒక్కో కాగితానికి రెండు నిమిషాలు ఇచ్చినా పది గంటలు కావాలి. అంత వేగంగా సంతకాలు పడేచోట, ఈ మనిషి మాటలు ఎందుకు వినాలి అన్న ఆలోచనకు తీరిక ఎక్కడిది?

ఇంతకంటే నన్ను బాధించేది ఇంకొకటి ఉంది. ఎవరి మాటలు విన్నారో ఆ మనిషికి, విని ముగించిన తర్వాత కూడా, ఎవరూ చెప్పరు. అవసరం లేని రికార్డులను ఆరు నెలలకోసారి నాశనం చేయాలని నిబంధన. విన్న మాటలు ఊరికే దాచిపెట్టుకోకుండా ఉండటానికి అది మంచిదే గాని, అన్యాయంగా విన్న ఆనవాలు కూడా దానితోపాటే పోతుంది. తనకు అన్యాయం జరిగిందని తెలియని మనిషి ఏ కోర్టుకు వెళ్తాడు? ఫోన్లలోకి గుట్టుగా చొరబడే పెగాసస్ వ్యవహారంలో ఇది స్పష్టంగా కనిపించింది. ఆ గూఢచర్య సాఫ్ట్‌వేర్‌ను వాడారో లేదో కేంద్రం తేల్చి చెప్పలేదు. జాతీయ భద్రత అన్న మాట ఎత్తినంత మాత్రాన కోర్టు తప్పుకోదని 2021 అక్టోబరులో జస్టిస్ ఎన్.వి. రమణ గారి ధర్మాసనం చెప్పి, నిపుణుల కమిటీని వేసింది. పరిశీలించిన 29 ఫోన్లలో అయిదింటిలో హానికర సాఫ్ట్‌వేర్ కనిపించిందని, అది పెగాససే అని తేలలేదని, ప్రభుత్వం సహకరించలేదని మరుసటి ఏడాది కోర్టులోనే వెల్లడైంది.

రహస్యమంటేనే చెడ్డదని మీరు అనుకోవద్దు. తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరిలో బతికినవాళ్లం మనం. 1971 డిసెంబరులో ఇళ్లలో దీపాలు ఆర్పుకుని కూర్చున్నాం, ఏ ఓడ ఎప్పుడు కదులుతుందో ఎవరూ ఎవరినీ అడగలేదు. మన విమానవాహక నౌక విక్రాంత్ ఇక్కడే ఉందని శత్రువును నమ్మించడానికి నౌకాదళం ఎంత జాగ్రత్తపడిందో, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరానికి దగ్గరలోనే ఎలా మునిగిందో తర్వాత అందరికీ తెలిసింది. ఇప్పుడు బీచ్ రోడ్డులో విజయ స్తంభం దగ్గర నిలబడి మీరు ఆ కథ చెప్పుకోవచ్చు. ఆ రహస్యానికి ఒక అవసరం ఉంది, ఆ అవసరం తీరాక అది తెరుచుకుంది. దీనికి భిన్నంగా, 1962 చైనా యుద్ధంలో మన సైన్యం ఎందుకు దెబ్బతిన్నదో విచారించి 1963లో సమర్పించిన హెండర్సన్ బ్రూక్స్ నివేదికను చూడండి. అరవై ఏళ్లు దాటినా ప్రభుత్వం దానిని ప్రజల ముందు పెట్టలేదు. ఆనాటి తుపాకులూ లేవు, ఆనాటి మంత్రులూ లేరు. ఇక అది ఎవరిని కాపాడుతోందో నాకు అర్థం కాదు.

1923లో బ్రిటిషువాళ్లు చేసిన అధికార రహస్యాల చట్టం నేటికీ ఉంది. దానిని దాటి, ప్రజాప్రయోజనం ఎక్కువైన చోట సమాచారం ఇవ్వవచ్చని 2005 నాటి సమాచార హక్కు చట్టం చెప్పింది. అడిగిన 30 రోజుల్లో జవాబివ్వాలి. మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటల్లోనే. అయితే 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం ఇందులో ఒక సెక్షను మార్చి, వ్యక్తిగత సమాచారం అన్న ఒక్క కారణంతో అధికారులు జవాబు నిరాకరించే దారిని వెడల్పు చేసింది. పప్పుల కొట్టు పెద్దాయనకు ఉండవలసిన గోప్యతను తీసుకువెళ్లి కార్యాలయం బీరువాకు తొడిగినట్లుంది ఇది. ఇది పొరపాటని నేను గట్టిగా నమ్ముతున్నాను.

వేసవి సెలవులకు మీరు వచ్చేసరికి ఒక పని మొదలుపెడదాం. మద్దిలపాలెం కూడలిలో ఉన్న కెమెరాలు ఏ ఉత్తర్వు ప్రకారం పెట్టారు, ఆ దృశ్యాలను ఎన్ని రోజులు ఉంచుతారు, వాటిని ఎవరెవరు చూడవచ్చు, ఎవరు చూశారో రాసిపెట్టే పుస్తకం ఉందా? సాహితి దస్తూరి బాగుంటుంది కనుక దరఖాస్తు తనే రాయాలి, ప్రశ్నలు కార్తీక్ ఆలోచించాలి, పది రూపాయల రుసుము, కింద సంతకం నావి. వచ్చేటప్పుడు తెల్ల కాగితాలు తెచ్చుకోండి, ఇక్కడున్నవన్నీ గీతల కాగితాలే.

ఇట్లు,
మీ అమ్మమ్మ