‘ఒక్క ఎండాకాలం గడిస్తే అలవాటు పడ్తది’: పశువుల డాక్టర్ వినే అపోహలు, చూసే వాస్తవాలు

పాలమూరు పల్లెల్లో పశువైద్యం చేస్తుంటాను. ఒక మే నెల మధ్యాహ్నం ఒక రైతు ఫోన్ చేసి, “సారూ, హెచ్చెఫ్ ఆవు నోరు తెరిచి రొప్పుతున్నది, మేత ముడ్తలేదు” అన్నాడు. హెచ్చెఫ్ అంటే హోల్‌స్టీన్ ఫ్రీజియన్, ఎక్కువ పాలిచ్చే విదేశీ జాతి. పోయి చూస్తే రేకుల షెడ్డు కింద కట్టేసి ఉంది. థర్మామీటర్ పెడితే 105. మామూలుగా 101, 102 మధ్య ఉండాలి. మేం తల మీద, వీపు మీద నీళ్లు గుమ్మరిస్తుంటే, పక్కనున్న పెద్దాయన “కొత్తది గద, ఒక్క ఎండాకాలం గడిస్తే అదే అలవాటు పడ్తది” అన్నాడు. ఈ మాట ఎన్ని ఊళ్లల్లో విన్నానో!

అపోహ: ఏ జీవమైనా మన ఎండకు అలవాటు పడుతుంది.

వాస్తవం: అలవాటు వేరు, అనుకూలనం వేరు. అలవాటంటే ఒక జీవి తన బతుకులో చేసుకునే సర్దుబాటు. అనుకూలనం తరతరాల పని. ఎండకు తాళలేనివి ఈనకముందే పోతాయి. తాళినవాటి దూడలు మిగులుతాయి, వాటి లక్షణాలే మందలో నిలుస్తాయి. హెచ్చెఫ్ పూర్వీకులు నెదర్లాండ్స్, ఉత్తర జర్మనీ చలి పచ్చికల్లో మేసినవి. 25 డిగ్రీలు దాటితేనే వాటికి ఇబ్బంది మొదలవుతుంది. మా దగ్గర మేలో 42 కొత్తేం కాదు. తిన్న మేత పొట్టలో పులిసేటప్పుడు కూడా వేడి పుడుతుంది కనుక ఆవు మేత తగ్గించుకుంటుంది, దాంతో పాలూ తగ్గుతాయి. రైతు ‘అలవాటు పడింది’ అనుకునేది చాలాసార్లు దీన్నే. అందుకే ఎండాకాలంలో తెల్లారుజామున, రాత్రిపూట మేపమంటాను. రేకుల మీద వరిగడ్డి పరిచి తడిపినా చాలా తేడా ఉంటుంది.

అపోహ: నాటు ఆవు గంగడోలు, మూపురం వల్లే ఎండకు తట్టుకుంటుంది. మూపురంలో నీళ్లుంటాయి.

వాస్తవం: మూపురంలో ఉండేది కండ, కొవ్వు. నీళ్ల చుక్క లేదు (ఒంటె మూపురంలో ఉండేదీ కొవ్వే). గంగడోలు సంగతి మేమూ కాలేజీలో అలాగే చదువుకున్నాం. కానీ రెడ్ సింధీ కోడెలకు గంగడోలు, మూపురం తీసేసి చూసిన ప్రయోగంలో, ఎండను తట్టుకునే శక్తి పెద్దగా తగ్గలేదు. అసలు పని చేసేవి కంటికి అంతగా ఆననివి: పెద్ద చెమట గ్రంథులు, పొట్టి నున్నటి వెంట్రుక, ఒంట్లో తక్కువ పుట్టే వేడి. అమ్రాబాద్ అడవి పక్క తండాల్లో పెరిగే పొడ తూర్పు పశువుల్ని చూడండి. తెల్లటి ఒంటి మీద గోధుమరంగు పొడలు, గట్టి గిట్టలు. నల్లమల రాళ్లల్లో రోజంతా నడిచి మేస్తాయి. వాటిని ప్రత్యేక జాతిగా నమోదు చేసింది 2020లో. రైతులు మాత్రం అంతకు ఎన్నో తరాల ముందు నుంచే తూర్పు ఎద్దుల్ని ఏరికోరి కొంటున్నారు.

అపోహ: నల్లగొర్రెకు ఉన్ని బరువే. ఎండాకాలం అది గొంగడి కప్పుకున్నట్టే.

వాస్తవం: గొంగడి కప్పుకుని ఎండలో మందను తోలే కురుమ తాతను అడగండి, చెప్తాడు! ఉన్ని చలినెంత ఆపుతుందో, పైనుంచి పడే ఎండ వేడినీ అంత ఆపుతుంది. గొర్రె ఒంట్లో వేడి ఎక్కువగా పోయేది రొప్పుడుతోనే. మిట్టమధ్యాహ్నం మంద గుండ్రంగా చేరి, ఒకదాని పొట్ట కింద ఇంకోటి తల పెట్టుకుని నిలబడడం చూసే ఉంటారు. నీడ దొరకనిచోట పక్క గొర్రే చెట్టు. కత్తిరించాల్సిందే, కానీ ఎండలు ముదిరాక చర్మం బయటపడేలా గొరగొద్దు. ఉన్నికి ధర లేక, మాంసం ఎక్కువొస్తుందని మా దిక్కు చాలామంది నెల్లూరు పొట్టేళ్లతో కలిపారు. ఆ లెక్కను నేను తప్పు పట్టను. కానీ వానాకాలం చేన్లల్లో మంద కట్టి తడిసే రాత్రులకు నల్లగొర్రె ఉన్నే సరైనదని నా అభిప్రాయం.

అపోహ: బర్రెది మురికి బుద్ధి, అందుకే బురదలో దొర్లుతుంది.

వాస్తవం: నల్లతోలు, పలచటి వెంట్రుక, ఆవు కన్నా బాగా తక్కువ చెమట గ్రంథులు. ఇంక ఏం చేస్తుంది పాపం! బురద నీళ్లకంటే మెల్లగా ఆరుతుంది, అంతసేపూ చల్లదనమిస్తుంది, ఈగల్నీ ఆపుతుంది. కుంటకు పంపండి, పాలు పిండేముందు పొదుగు కడగండి. నత్తలు ఎక్కువున్న కుంట ఒడ్డున మాత్రం మేపొద్దు, కార్జపు జలగలు (కాలేయంలో చేరే పురుగులు) అక్కణ్నుంచే వస్తాయి.

అపోహ: తొండ రక్తం తాగుతుంది, అందుకే దాని గొంతు ఎర్రగా ఉంటుంది.

వాస్తవం: అది జతకట్టే కాలంలో మగతొండ రంగు. తినేది పురుగుల్ని. పిల్లల చేతిలో రాయి లాక్కోండి.

అపోహ: జెర్రిపోతు రాత్రి ఆవు పొదుగు తాగిపోతుంది.

వాస్తవం: పీల్చడానికి పాముకు పెదవులు లేవు. పళ్లేమో లోపలికి వంగి ఉంటాయి, పట్టిన ఎలుక జారిపోకుండా. ఆ పళ్లతో చన్ను పట్టుకుంటే ఏ ఆవూ ఊరుకోదు. మొన్న ఒక అవ్వ “రెండు చన్లు పామే తాగింది సారూ” అని ఏడ్చింది. నల్లబట్ట మీద మొదటి ధార పిండి చూపించాను: తెల్లటి పలుకులు, మధ్యలో ఎర్రటి జీర. పొదుగువాపు. నాలుగు రోజుల ముందే పిలిస్తే రెండు చన్లూ దక్కేవి. ఒకటి ఎండిపోయింది. జెర్రిపోతును కూడా చూశాం, దొడ్డిలో దాణా బస్తాల వెనక ఎలుకల బొక్క దగ్గర.