తాపీమేస్త్రి వాయించిన వరస

1899 డిసెంబరు 26. ఆక్స్‌ఫర్డ్ పక్కనే ఉన్న హెడింగ్టన్‌లో బయటంతా మంచు. అత్తగారింటి కిటికీలోంచి చూస్తున్న సంగీతం మాస్టారు సెసిల్ షార్ప్‌కి తెల్లబట్టలేసుకుని, కాళ్లకు గజ్జెలు కట్టుకుని వస్తున్న మగాళ్లు కనిపించారు. మోరిస్ అనే ఇంగ్లీషు జానపద నాట్యం ఆడేవాళ్లు. అసలు దాని సీజన్ అది కాదు, వేసవి మొదట్లో వచ్చే విట్సన్ అనే క్రైస్తవ పండగకి ఆడాలి. చలికి తాపీ పనులు ఆగిపోయి చేతిలో కూలి డబ్బుల్లేక, నాలుగు పైసలొస్తాయని బయల్దేరారు.

వాయించింది విలియం కింబర్, 27 ఏళ్ల తాపీమేస్త్రి. షార్ప్ మర్నాడే అతన్ని పిలిపించి వరసలు రాసుకున్నాడు. కింబర్ ద్వారా షార్ప్‌కి చేరిన వరసల్లో 'కంట్రీ గార్డెన్స్' (పల్లెటూరి తోటలు) ఒకటి.

కింబర్ చేతిలోది కాన్సర్టినా, మన హార్మోనియానికి చుట్టమే. రెండింటిలోనూ గాలి తగిలి రీడు అనే సన్నటి లోహపు రేకు అదురుతుంది. కానీ కింబర్ వాడిన ఆంగ్లో రకంలో ఒకే బటన్ నొక్కి తిత్తిని మూస్తే ఒక స్వరం, లాగితే మరో స్వరం. వరస నడుస్తుంటే చేతులు అటూ ఇటూ మారుతూనే ఉండాలి. మారిన ప్రతిసారీ చిన్న కుదుపు. కాలు లేచేది ఆ కుదుపుకే. హార్మోనియం మీద ఇదే వరస నున్నగా సాగిపోతుంది, నాకైతే గెంతాలనిపించదు.

'కంట్రీ గార్డెన్స్' పల్లె దాటని వరసేం కాదు. 1728 నాటి 'ది క్వేకర్స్ ఆపెరా' అనే నాటకంలోనే ఉంది. అప్పట్లో జనం నోళ్లలో నానిన వరసలకి కొత్త మాటలు కట్టి నాటకాల్లో పాడించేవారు. అందుకే 'ఎవరూ ముట్టని జానపదం' అనే పొగడ్త దీనికి అతకదు.

1905లో, లండన్‌లో కుట్టుపని చేసే అమ్మాయిల క్లబ్ నడిపే మేరీ నీల్ పిలుపు మీద కింబర్ అక్కడికి వెళ్లి, ఆ అమ్మాయిలకు మోరిస్ నేర్పాడు. ఆటలు అక్కణ్నుంచి ఊరూరా పాకాయి. ఈ వరసకి మాత్రం అసలు దశ 1918లో తిరిగింది. ఆస్ట్రేలియాలో పుట్టిన పియానిస్టు పెర్సీ గ్రెయింజర్ దాన్ని పియానోకి మలిచాడు. అచ్చు కాపీలు విపరీతంగా అమ్ముడుపోయాయి. ఎక్కడ కచేరీ పెట్టినా జనం అదే అడుగుతుంటే గ్రెయింజర్‌కి విసుగొచ్చింది. 'పల్లెటూరి పెరడంటే పూలతోట కాదు, కూరగాయల మడి. టర్నిప్‌లని తలుచుకుంటూ వినండి' అనేవాడు.

కింబర్ చివరిదాకా హెడింగ్టన్ మనిషే. 1961లో పోయాడు. తేదీ డిసెంబరు 26.