సైనికులకు ఉదయకాంతి చికిత్స: అపోహలు – వాస్తవాలు

బెంగళూరులో నిద్ర సమస్యలకు, మానసిక సమస్యలకు వైద్యం చేసే నా దగ్గరకు జాలహళ్ళి, యలహంక, అల్సూరు వైపు నుంచి తెలుగు సైనికులు, మాజీ సైనికులు వస్తుంటారు. కాంతి చికిత్స, అంటే నిర్ణీత వేళకు ప్రకాశవంతమైన వెలుతురులో కూర్చోవడం, అనగానే వారిలో కొందరు నవ్వేస్తారు, మరికొందరు ఇక మాత్రలు మానేయవచ్చనుకుంటారు.

అపోహ: పొద్దున్నే పీటీ చేసేవారికి వేరే కాంతి అక్కర్లేదు.

వాస్తవం: జనవరిలో బెంగళూరులో సూర్యోదయం ఆరున్నర దాటాకే అవుతుంది కాబట్టి, అయిదున్నరకు మొదలయ్యే పీటీ చాలావరకు చీకట్లోనే గడుస్తుంది, ఆపై రోజంతా స్టోర్‌లోనో కంట్రోల్ రూములోనో 300 నుంచి 500 లక్సుల (లక్సు అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) ట్యూబ్‌లైటు కింద పని. చికిత్సలో సాధారణంగా వాడేది 10,000 లక్సుల కాంతి, నిద్ర లేచిన గంటలోపు, సుమారు 30 నిమిషాలు. కంటి రెటీనాలో మెలనాప్సిన్ అనే వర్ణకమున్న కణాలు ఈ కాంతిని గ్రహించి నిద్ర, మెలకువల వేళలను నడిపే మెదడులోని జీవగడియారానికి తెలియజేస్తాయి. మబ్బు పట్టిన ఉదయమైనా ఆరుబయట వేల లక్సులు దొరుకుతాయి కనుక, చాలామందికి ఈ చికిత్స కోసం అమ్మే దీపం కొనవద్దనే చెబుతాను.

అపోహ: ఉదయకాంతి ఎవరికైనా మేలే చేస్తుంది.

వాస్తవం: ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. ఉదయకాంతి జీవగడియారాన్ని ముందుకు జరుపుతుంది, అంటే నిద్రా మెలకువా రెండూ ఇంకా త్వరగా వచ్చేలా చేస్తుంది. రాత్రి ఒంటిగంట దాకా నిద్ర పట్టని జవానుకు కావలసింది అదే. కానీ జూన్‌లో నాలుగున్నరకే తెల్లవారే అరుణాచల్ ప్రదేశ్‌లోని తవాంగ్ నుంచి ఇక్కడికి బదిలీపై వచ్చి, రాత్రి ఎనిమిదికే కళ్ళు మూతపడి తెల్లవారుజామున మూడున్నరకే మెలకువ వచ్చేవారికి సాయంకాలపు వెలుతురే మందు, తెల్లవారుజాము కాంతి సమస్యను పెంచుతుంది. వరుసగా నైట్ డ్యూటీ చేసి పగలు పడుకోవలసినవారు తిరుగుదారిలో నల్ల కళ్ళద్దాలు పెట్టుకోవడం మంచిది, బండి మాత్రం మరొకరు నడపాలి. ఇక సియాచిన్, లద్దాఖ్‌లలో ఉన్నవారు కాంతి కోసమని మంచు మీద కళ్ళద్దాలు తీయనేకూడదు. మంచుపై ప్రతిఫలించే అతినీలలోహిత కిరణాలు కంటిని కాలుస్తాయి.

అపోహ: ఇదంతా విటమిన్ డి మహిమ.

వాస్తవం: కాదు. ఈ చికిత్స పనిచేసేది కంటి ద్వారా, చర్మం ద్వారా కాదు. మంచి దీపాలు అతినీలలోహిత కిరణాలను వడకడతాయి.

అపోహ: కాంతి చికిత్స మొదలుపెడితే మందులు, కౌన్సెలింగ్ మానేయవచ్చు.

వాస్తవం: ఋతువులతో సంబంధం లేని డిప్రెషన్‌లోనూ కాంతి ఉపకరిస్తుందని 2016లో వెలువడిన కెనడా పరిశోధన చూపింది, అందులో కాంతినీ మందునూ కలిపి ఇచ్చినవారిలో ఫలితం స్పష్టంగా కనిపించింది. యుద్ధానుభవాల వల్ల కలిగే పీటీఎస్‌డీకి (భయంకర అనుభవం తర్వాత మనసును వెంటాడే రుగ్మతకు) మాత్రం ప్రధాన చికిత్స ఆ అనుభవంపై కేంద్రీకరించే మనోచికిత్సే, కాంతి పక్కన నిలబడే సహాయకారి. అతి ఉత్సాహం, కుంగుబాటు మారిమారి వచ్చే బైపోలార్ వ్యాధి ఉన్నవారిలో ఇది ఉన్మాదాన్ని రేపవచ్చు, రెటీనా జబ్బులున్నవారు ముందుగా కంటి వైద్యుని చూడాలి. మలేరియా నివారణకు డాక్సీసైక్లిన్ వేసుకుంటున్నవారి చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది కాబట్టి, ఆ సంగతి డాక్టరుకు చెప్పకుండా ఎండలో కూర్చోవద్దు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం కాంతి పనిచేసే వారాల కోసం ఆగకుండా యూనిట్ వైద్యాధికారిని కలవాలి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయాలి. అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు, సైనికుల కోసం పుణెలోని సైనిక వైద్య కళాశాలలో దీనికి ప్రత్యేక విభాగం కూడా ఉంది.