మనోడిని పంపేశారు

2020 మార్చి 16, సోమవారం. కరోనా భయంతో హ్యూస్టన్‌లో ఆఫీసులు ఒక్కొక్కటే మూతపడుతున్న వారం. హ్యూస్టన్ శివారు కేటీలో మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ తెరుచుకుని పని చేసుకుంటున్నాను. మా వాడు మెట్లు దడదడా దిగి వచ్చాడు. అప్పటికి వాడికి పదేళ్ళు. ఒంటి మీద ముదురు నీలం జెర్సీ, వీపున 10 అంకె.

"నాన్నా, మనోడిని పంపేశారు" అన్నాడు. గొంతు వణుకుతోంది.

మనోడంటే డీయాండ్రే హాప్‌కిన్స్. హ్యూస్టన్ టెక్సన్స్ జట్టులో రిసీవర్. అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరితే, మీద పడే మనుషులను తప్పించుకుంటూ పరిగెత్తి దాన్ని అందుకునేవాడే రిసీవర్. హాప్‌కిన్స్ ఆ పనిలో ఆరితేరినవాడు. ఏడు సీజన్లలో 632 క్యాచ్‌లు, 8,602 గజాలు, 54 టచ్‌డౌన్లు (బంతిని ఎదుటి జట్టు గీత దాటించడమే టచ్‌డౌన్). 2017 నుంచి వరసగా మూడేళ్ళు ఎన్‌ఎఫ్‌ఎల్ లీగ్ మొత్తంలోని మేటి జట్టులో చోటు సంపాదించాడు. అలాంటివాణ్ణి ఆరిజోనా కార్డినల్స్‌కు ఇచ్చేసి, బదులుగా బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ డేవిడ్ జాన్సన్‌నూ రెండు డ్రాఫ్ట్ పిక్‌లనూ తెచ్చుకున్నారు. ఒకటి రెండో రౌండ్‌ది, ఇంకొకటి మరుసటి ఏడాది నాలుగో రౌండ్‌ది. చాలదన్నట్టు హాప్‌కిన్స్‌తో పాటు తమ నాలుగో రౌండ్ పిక్ ఒకటి కూడా ఇచ్చారు. కాలేజీల నుంచి వచ్చే కుర్రాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకోవడాన్ని డ్రాఫ్ట్ అంటారు. ఆ వంతు పేరే పిక్. అంటే చేతిలో ఉన్న మనిషిని ఇచ్చి, ఇంకా ముఖం కూడా చూడని ఒక కుర్రాణ్ణి ఎంచుకునే హక్కు తెచ్చుకోవడం.

మా వాడి మాట ఆ రోజంతా నా బుర్రలో తిరిగింది. "పంపేశారు" అన్నాడు. ఎవరు? చెప్పలేదు, చెప్పనక్కర్లేదు. తెలుగులో కర్త లేకుండానే ఆ "వాళ్ళు" వినిపిస్తారు. జనవరిలో బఫలో జట్టు మీద ఓవర్‌టైమ్‌లో 22-19తో నెగ్గినప్పుడు ఇదే పిల్లాడు "మనం గెలిచాం" అని సోఫా మీద గెంతాడు. రెండు నెలలు తిరిగేసరికి జట్టు "వాళ్ళు" అయిపోయింది. ఆటగాడు మాత్రం ఇంకా "మనోడే". ఆ రెండు ముక్కల వాక్యం ఎక్కడ తెగిందో చూడండి. అభిమానం గురించి మనస్తత్వ శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా తవ్వుతున్నది అక్కడే.

1976లో రాబర్ట్ చాల్డీని బృందం అమెరికాలో ఏడు యూనివర్సిటీల్లో ఒక తేలికైన పని చేసింది. శనివారం కాలేజీ జట్టు ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడితే, సోమవారం క్లాసులో ఎంతమంది కాలేజీ పేరున్న బట్టలు వేసుకొచ్చారో లెక్కపెట్టడం. జట్టు గెలిచిన వారాల్లో ఆ సంఖ్య పెరిగింది. తర్వాత విద్యార్థులకు ఫోన్ చేసి ఫలానా మ్యాచ్ ఏమైందో చెప్పమన్నారు. గెలిచిన మ్యాచ్ గురించి చెప్పేటప్పుడు "మేం" అనేవాళ్ళు ఎక్కువ, ఓడిన మ్యాచ్‌కు ఆ మాట తగ్గింది. ఇంగ్లీషులో "మేం"కీ "మనం"కీ ఉన్నది ఒకే మాట కాబట్టి ఆ తేడా వాళ్ళకు దొరకదు. తెలుగువాడు మ్యాచ్ గురించి ఎప్పుడూ "మనం" అనే అంటాడు. వింటున్నవాణ్ణి కూడా లాక్కుని కలుపుకుంటాడు. ఇద్దరు కొత్తవాళ్ళు టీ కొట్టు దగ్గర కలిసినా సరే, "మనం గెలుస్తామంటావా?" అనే మొదలవుతుంది.

ఈ "మనం" పైపై మాట కాదు. 1992లో ఎడ్వర్డ్ హర్ట్, సహచరులు ఇండియానా యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ అభిమానులకు మ్యాచ్ చూపించి, అది అయ్యాక వాళ్ళ సొంత నేర్పు మీద ప్రశ్నలు వేశారు. చేతి నేర్పు, బుద్ధికి పదును, ఎదుటివారిని మెప్పించడం. జట్టు ఓడిపోతే ఈ పనులు తాము కూడా సరిగా చేయలేమని వాళ్ళు అనుకున్నారు. ఓడింది ఎవరో, దిగాలు పడింది ఎవరో చూడండి. 1994 సాకర్ ప్రపంచ కప్ ఫైనల్లో బ్రెజిల్ ఇటలీని ఓడించినప్పుడు, టీవీలో చూస్తున్న అభిమానుల లాలాజలం పరీక్షించిన పరిశోధకులకు బ్రెజిల్ వాళ్ళలో టెస్టోస్టిరాన్ అనే హార్మోన్ పెరిగి, ఇటలీ వాళ్ళలో తగ్గి కనిపించింది. కుర్చీలో కూర్చుని చూసిన మనిషి ఒంట్లో!

అలా ఒంట్లోకి దిగిన జట్టు నుంచి ఒక మనిషిని పీకేస్తే నొప్పి రాకుండా ఎలా ఉంటుంది? అందులోనూ రిసీవర్. లైన్‌లో నిలబడి ఎదుటివాణ్ణి ఆపే బలశాలి లేకపోతే ఆట సాగదు. కానీ అతని పని గుంపులో కలిసిపోతుంది. రిసీవర్ పని ఖాళీ మైదానంలో, గాలిలో, లక్షల కళ్ళ ముందు జరుగుతుంది. స్లో మోషన్‌లో పదిసార్లు తిప్పి చూపిస్తారు. అభిమాని జ్ఞాపకాల్లో ఎక్కువ బొమ్మలు అతనివే.

హాప్‌కిన్స్ విషయంలో ఇంకొక బొమ్మ ఉంది. అతని తల్లికి చూపు లేదు. 2002లో ఆమె మీద జరిగిన దాడిలో పోయింది. హ్యూస్టన్ స్టేడియంలో మ్యాచ్ అయితే ఆవిడ ముందు వరసల్లో కూర్చునేది. ఏం జరుగుతోందో పక్కనున్నవాళ్ళు చెవిలో చెప్పేవారు. టచ్‌డౌన్ చేశాక హాప్‌కిన్స్ ఆ వైపు వెళ్ళి, బంతిని తల్లి చేతుల్లో పెట్టేవాడు. ఆవిడ దాన్ని గుండెకు హత్తుకునేది. ఆ దృశ్యాన్ని టీవీలో చూసిన మా ఆవిడకు ఆటలో ఓనమాలు తెలియవు. అయినా హాప్‌కిన్స్‌ను పంపేశారంటే "అయ్యో, ఆవిడ?" అంది. మనకు ముఖాముఖి తెలియని మనిషితో, తెర ద్వారా ఒకవైపు నుంచే పెరిగే ఈ దగ్గరితనాన్ని 1956లోనే హోర్టన్, వోల్ అనే ఇద్దరు పరిశోధకులు గుర్తించి రాశారు. అది అబద్ధపు బంధం అని నేననుకోను. ఆ కన్నీళ్ళు నిజమైనవే.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పాల్సిన పని లేదు. 2016లో సన్‌రైజర్స్‌కు కప్పు తెచ్చిన డేవిడ్ వార్నర్‌ను 2021 మేలో కెప్టెన్సీ నుంచి తప్పించి, ఆ తర్వాత జట్టు నుంచి కూడా పక్కన పెట్టినప్పుడు, తెలుగు పాటలకు స్టెప్పులేసిన ఆ ఆస్ట్రేలియా వాడి కోసం మా తమ్ముడు రాత్రి ఫోన్ చేసి అరగంట బాధపడ్డాడు.

మరి జట్టు యాజమాన్యానికి ఇదంతా తెలియదా? తెలుసు. కాని వాళ్ళు కూర్చున్న కుర్చీ వేరు. ఈ తేడాను నాకు బాగా పట్టించిన ప్రయోగం డ్యూక్ యూనివర్సిటీలో జరిగింది. అక్కడ బాస్కెట్‌బాల్ టికెట్ల కోసం విద్యార్థులు రోజుల తరబడి డేరాలు వేసుకుని పడిగాపులు కాస్తారు. చివరికి లాటరీలో కొందరికే దక్కుతాయి. జివ్ కార్మన్, డాన్ అరియేలీ టికెట్ దక్కినవాళ్ళనూ దక్కనివాళ్ళనూ ధర అడిగారు. టికెట్ దక్కనివాళ్ళు కొనడానికి సగటున సుమారు 170 డాలర్లు ఇస్తామన్నారు. దక్కినవాళ్ళు అమ్మడానికి సుమారు 2,400 డాలర్లు కావాలన్నారు. నిన్నటిదాకా పక్కపక్క డేరాల్లో ఒకే చలిలో వణికిన కుర్రాళ్ళే! కొనేవాడు ఆ డబ్బుతో ఇంకేం కొనొచ్చో ఆలోచిస్తాడు. అమ్మేవాడు ఆ రాత్రి తాను చూడకుండా పోయే ఆటను ఆలోచిస్తాడు. చేతిలో ఉన్నది పోతే కలిగే బాధ, అంతే విలువైనది దొరికితే కలిగే సంతోషం కన్నా రెండింతలకు పైగా బరువుంటుందని డేనియల్ కానమన్, ఎమోస్ ట్వెర్‌స్కీ 1992లో లెక్కగట్టారు. వాళ్ళకు వచ్చిన సంఖ్య 2.25.

అభిమాని టికెట్ చేతిలో ఉన్నవాడు. యాజమాన్యం 170 డాలర్ల వైపు నుంచి చూస్తుంది. చూడక తప్పదు కూడా. ఈ లీగ్‌లో 1994 నుంచి ఒక్కో జట్టు జీతాలకు పరిమితి ఉంది. 2020లో అది 198.2 మిలియన్ డాలర్లు. ఒకడికి కొండంత ఇస్తే మిగతావాళ్ళ వాటా కరిగిపోతుంది. అందుకే జట్టు నడిపేవాళ్ళకు ప్రతి ఆటగాడూ ఒక మనిషితో పాటు ఒక ఖర్చు కూడా.

ఇక్కడిదాకా చదివి, అభిమానులది గుడ్డి ప్రేమ, లెక్క తెలిసినవాళ్ళు ఆఫీసులో ఉన్నారు అనుకుంటే పొరపాటు. హాప్‌కిన్స్‌ను ఇచ్చేసిన రోజే, అదే మార్చి 16న, మిన్నెసోటా వైకింగ్స్ తమ రిసీవర్ స్టెఫాన్ డిగ్స్‌ను బఫలోకు ఇచ్చింది. బదులుగా మొదటి రౌండ్ పిక్‌తో సహా నాలుగు పిక్‌లు రాబట్టింది. ఒకే రోజు, ఒకే సంతలో రెండు బేరాలు. హ్యూస్టన్ అభిమానుల కోపం ఆ రాత్రి ఇంకా భగ్గుమంది. ఆ కోపంలో ప్రేమ ఒక్కటే లేదు, ధర తెలిసిన కడుపుమంట కూడా ఉంది. వైకింగ్స్ ఆ మొదటి రౌండ్ పిక్‌తో జస్టిన్ జెఫర్సన్‌ను తీసుకుంది. అతను మొదటి ఏడాదే 1,400 గజాలు సాధించాడు. హ్యూస్టన్ మొదటి నాలుగు మ్యాచ్‌లూ ఓడింది. కోచ్‌గానూ జనరల్ మేనేజర్‌గానూ ఆ బేరం కుదిర్చిన బిల్ ఓబ్రయన్‌ను అక్టోబర్ 5న తీసేశారు. సీజన్ 4-12తో ముగిసింది.

దీనికి ఎదురు కథ కాన్సస్ సిటీది. 2022 మార్చిలో చీఫ్స్ తమ టైరీక్ హిల్‌ను మయామీకి పంపేసింది. చిరుత అని ముద్దుపేరున్నవాడు. 2020 ఫిబ్రవరిలో జరిగిన లీగ్ ఫైనల్ సూపర్ బౌల్‌లో 20-10తో వెనకబడి, ఇంకా ఏడు నిమిషాలే మిగిలినప్పుడు, మూడో ప్రయత్నంలో 15 గజాలు కావలసిన చోట 44 గజాల బంతి అందుకుని ఆట తిప్పినవాడు. అతనికి మయామీ నాలుగేళ్ళకు 120 మిలియన్లు రాసిచ్చింది. కాన్సస్ సిటీకి దక్కినవి ఐదు పిక్‌లు. అక్కడి అభిమానులు మొదటి రోజు ఏడ్చిన ఏడుపుకూ మా వాడి ఏడుపుకూ నాకు తేడా కనబడలేదు. ఆ తర్వాత హిల్ మయామీలో మొదటి రెండు సీజన్లూ 119 క్యాచ్‌ల చొప్పున పట్టి, 1,710 గజాలు, 1,799 గజాలు సాధించాడు. అంటే ఇచ్చింది బంగారాన్నే. అయినా ఆ రెండు సీజన్లూ సూపర్ బౌల్ గెలిచింది కాన్సస్ సిటీ. హిల్ వల్ల వచ్చిన పిక్‌లలో రెండింటిని కలిపి ముందుకు జరిగి ఎంచుకున్న ట్రెంట్ మెక్‌డఫీ కప్పు గెలిచిన ఆ రెండు సీజన్లలోనూ కాన్సస్ సిటీ డిఫెన్స్‌కు మూలస్తంభం.

మొదటి రోజు నొప్పి రెండు ఊళ్ళలోనూ ఒకటే. ఒకచోట బేరం బెడిసింది, ఇంకొకచోట కలిసొచ్చింది. కాబట్టి ఆ నొప్పి బేరం మంచిచెడ్డలు చెప్పదు. ఏది పోయిందో చెబుతుంది. ఇక పిక్‌ల సంగతి. కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ డ్రాఫ్ట్ చరిత్రను తిరగేసి చూస్తే, ఒకే స్థానంలో ఆడే ఇద్దరిలో ముందు ఎంపికైనవాడు ఆ వెంటనే ఎంపికైనవాడి కన్నా బాగా ఆడిన సందర్భాలు 52 శాతమే. దాదాపు బొమ్మా బొరుసే. ముఖం తెలియని కుర్రాడి కోసం మనోడిని ఇస్తారా అని అభిమాని అడిగే ప్రశ్నలో అందుకే పస ఉంది.

మార్చిలో మా వాడు జెర్సీ తీసి అలమర అడుగున కుక్కేశాడు. "ఇంక జన్మలో చూడను" అన్నాడు. వాడు అబద్ధమాడలేదు, అలాగే అనుకున్నాడు. వర్జీనియా యూనివర్సిటీలో తిమోతీ విల్సన్ బృందం ఫుట్‌బాల్ అభిమానులనే తీసుకుని దీన్ని పరీక్షించింది. మ్యాచ్ ఫలితం తమ మనసును ఎన్నాళ్ళు పట్టి ఉంచుతుందో ముందే ఊహించి చెప్పమంటే అందరూ ఎక్కువ చెప్పారు. నిజానికి ఆ ప్రభావం త్వరగానే సద్దుమణిగింది. ఊహించేటప్పుడు ఆ ఒక్క సంగతే కళ్ళ ముందు నిలుస్తుంది. ఆ వారంలో రాయాల్సిన పరీక్షలు, తినాల్సిన భోజనాలు, వచ్చే చుట్టాలు ఎవరికీ గుర్తురారు. వచ్చే రోజుల్లో ఏమేం చేస్తారో ముందు రాయమని, ఆ తర్వాత అడిగితే అంచనాలు నేలకు దిగాయి.

సెప్టెంబర్ 10 రాత్రి కొత్త సీజన్ మొదటి మ్యాచ్. హ్యూస్టన్, కాన్సస్ సిటీ. మా వాడు హోంవర్క్ పుస్తకంతో వచ్చి సోఫా చివర కూర్చున్నాడు. టీవీ వైపు చూడనట్టే చూస్తున్నాడు. మొదటి క్వార్టర్‌లో డేవిడ్ జాన్సన్, హాప్‌కిన్స్‌కు బదులుగా వచ్చినవాడు, 19 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. మా వాడి చేతులు వాటంతట అవే చప్పట్లు కొట్టాయి. రెండు చప్పట్ల తర్వాత ఆగి, నా వైపు చూసి, పుస్తకంలోకి తల దించాడు. నేనేమీ అనలేదు.

నవంబర్ 15న హ్యూస్టన్ క్లీవ్‌లాండ్‌లో 10-7తో ఓడింది. ఆ సాయంత్రమే ఆరిజోనాలో కార్డినల్స్, బఫలో మ్యాచ్. ఆట ముగియడానికి 34 సెకన్లుందనగా టచ్‌డౌన్ చేసి బఫలోను ముందుకు తెచ్చింది స్టెఫాన్ డిగ్స్. మార్చి 16న చేతులు మారిన ఇద్దరూ ఒకే మైదానంలో ఉన్నారు. ఆ తర్వాత క్వార్టర్‌బ్యాక్ కైలర్ మర్రే ఎడమవైపు పరిగెడుతూ బంతిని ఆకాశానికి విసిరాడు. 43 గజాల అవతల బఫలో వాళ్ళు ముగ్గురు హాప్‌కిన్స్‌ను చుట్టుముట్టి ఎగిరారు. ఆరు చేతుల పైన రెండు చేతులు బంతిని పట్టుకున్నాయి. ఇంకా రెండు సెకన్లు. 32-30.

మేం ఆ క్లిప్‌ను ఫోన్‌లో చూశాం. మా వాడు హ్యూస్టన్ జెర్సీలోనే ఉన్నాడు. అలమర అడుగు నుంచి ఎప్పుడు తీశాడో తెలియదు, మడతలు ఇంకా పోలేదు. వాళ్ళమ్మను వంటింట్లోంచి పిలిచి, వీడియో మళ్ళీ మొదటికి జరిపి, ఫోన్ ఆమె ముఖం ముందు పెట్టాడు.

"అమ్మా, చూడు, మనోడు."