తక్కువ తింటే ఎక్కువ కాలం బతుకుతామా? అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు తెలుగిళ్లలో తిండి గురించి సలహా అడిగేవాళ్ల నోట తరచూ వినిపించే మాటలివి.

అపోహ: తక్కువ తింటే ఆయుష్షు పెరుగుతుందని తేలిపోయింది.

ఎలుకల్లో తేలింది. 1935లోనే కార్నెల్ విశ్వవిద్యాలయంలో క్లైవ్ మెక్‌కే చూపించారు. కోతుల దగ్గరికి వచ్చేసరికి చిక్కొచ్చింది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో తక్కువ తిన్న కోతులు ఎక్కువ కాలం బతికాయి. అమెరికా జాతీయ వృద్ధాప్య పరిశోధన సంస్థ కోతుల్లో ఆ తేడా కనబడలేదు. ఎందుకని చూస్తే, విస్కాన్సిన్‌లో పోలిక కోసం ఉంచిన కోతులు పంచదార దండిగా ఉన్న మేతను ఇష్టమొచ్చినంత తిన్నాయి. రెండోచోట వాటికీ కొలిచే పెట్టారు. అతిగా తినేవాడితో పోలిస్తేనే తక్కువ తిన్నవాడి లాభం పెద్దగా కనిపిస్తుంది.

మనుషుల్లో, లావు లేని ఆరోగ్యవంతులు 218 మందితో రెండేళ్ల పరిశోధన జరిగింది. కొందరికి 25 శాతం కేలరీలు తగ్గించమంటే సగటున 12 శాతమే తగ్గించగలిగారు. ఆ మాత్రానికే రక్తపోటు, చెడు కొలెస్టరాల్ తగ్గాయి, ఇన్సులిన్ మెరుగ్గా పనిచేసింది. ఆయుష్షు సంగతి రెండేళ్లలో తేలేది కాదు. గుండెకూ షుగరుకూ మేలన్నది మాత్రం గట్టి మాట.

అపోహ: పఖాళ (నీళ్లు పోసి నానబెట్టిన అన్నం), చద్దన్నం తేలిక, లెక్కలోకి రావు.

నీళ్లు పోసినంతలో బియ్యం తగ్గవు. ఉప్పుడు బియ్యమైనా పచ్చి బియ్యమైనా 100 గ్రాములకు సుమారు 350 కేలరీలు. అన్నం తూచి లాభం లేదు, పీల్చిన నీటిని బట్టి బరువు మారిపోతుంది. ఎసట్లో వేసే ముందే బియ్యం కొలవండి. రోజుకు 2,000 కేలరీలు తినే మనిషికి 12 శాతమంటే 240. అందులో 40 గ్రాముల బియ్యం తగ్గిస్తే 140, రెండు టీస్పూన్ల నూనె తగ్గిస్తే 80, టీలో ఒక చెంచా పంచదార మానేస్తే 20. అంతే, కడుపు మాడ్చుకోనక్కర్లేదు.

అపోహ: తగ్గించడమంటే అన్నీ తగ్గించడమే.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. గుడ్డు మానేస్తారు, పప్పు పలచన చేస్తారు, అన్నం ముద్ద మాత్రం అలాగే ఉంటుంది. తిండి తగ్గినప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. పై పరిశోధనలో ఎముకల సాంద్రత కూడా కొంత తగ్గింది. 60 కిలోల మనిషికి రోజుకు 50 గ్రాముల ప్రోటీన్ కావాలి. గుడ్డులో 6, ముప్పై గ్రాముల కందిపప్పులో 7 గ్రాములే ఉంటాయి కాబట్టి చేప, పెరుగు, ఉలవలు పళ్లెంలో ఉండాల్సిందే. తగ్గించిన అన్నం చోటులో చోళ్లు (రాగులు) రావచ్చు: 30 గ్రాముల పిండితో కాచిన అంబలి సుమారు 100 కేలరీలు, అందులో 100 మిల్లీగ్రాముల కాల్షియం. అయితే అది అన్నానికి బదులు తాగాలి. కడుపునిండా తిని పైన తాగితే తగ్గించినట్టు కాదు. కండ నిలవాలంటే బరువులెత్తే పనో వ్యాయామమో కూడా ఉండాలి.

అపోహ: లంఖణం పరమౌషధం, ఎవరికైనా.

కాదు. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క) 18.5 కంటే తక్కువ ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు తగ్గించకూడదు. కొండ ఊళ్లలో కూలి పనికి వెళ్లి బక్కచిక్కిన మనిషికి కావాల్సింది ఇంకో గరిటె పప్పు.

కార్తీక సోమవారం పగలంతా ఉపవాసం ఉండి, రాత్రి గారెలు, సగ్గుబియ్యం పాయసంతో ముగిస్తే కేలరీలు తగ్గినట్టేమీ కాదు, సగ్గుబియ్యం కూడా బియ్యమంత పిండిపదార్థమే. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ఉపవాసముంటే షుగర్ మరీ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, మాట తడబాటు కనిపించి, మనిషి స్పృహలో ఉంటే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి పట్టాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కోరాపుట్, రాయగడ వైపు సికిల్‌సెల్ (పుట్టుకతో వచ్చే రక్తకణాల జబ్బు) ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ జబ్బున్నవాళ్లు నీళ్లు కూడా ముట్టని ఉపవాసం ఎప్పుడూ చేయకూడదు. ఒంట్లో నీరు తగ్గితే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి రక్తనాళాల్లో అడ్డుపడతాయి, ఎముకల్లో భరించలేని నొప్పి మొదలవుతుంది.