పేరు రాయని చీటీకి జవాబు

చిరంజీవులకు,

గ్రంథాలయంలో ప్రశ్నల డబ్బా తెరిస్తే ఈసారి ఒక చీటీ దొరికింది. "తాతా, నా దోస్తుకు ఎండకాలం సెలవుల్లో పెండ్లి చేస్తరట. ఇంకా తొమ్మిదో తరగతే. 1098కి ఫోన్ చేస్తే నేనే చేసినట్టు అందరికీ తెలుస్తదా?" కింద పేరు లేదు. ఎవరు రాశారో మీరు వెతకొద్దు, నేనూ వెతకను. జవాబు మాత్రం అందరికీ రాస్తున్నాను.

1098 అంటే చైల్డ్‌లైన్, ఆపదలో ఉన్న పిల్లల కోసం పెట్టిన ఫోన్ నంబరు. నీ పేరు వాళ్లు బయటపెట్టరు తల్లీ. ముందు ఆ మాట విను, మిగతాది తర్వాత.

నీలిరంగు ఇన్‌లాండ్ ఉత్తరం మీలో చాలామంది చూసి ఉండరు. ఒకటే కాగితం. లోపల రాసి, మడతలు పెట్టి, అంచున జిగురు నాలుకతో తడిపి అంటిస్తే అదే ఉత్తరం, అదే కవరు. ఒక వైపు చేరవలసిన చిరునామా, ఇంకో వైపు పంపినవాళ్లది. ఈ ఫోనూ అంతే. చేరవలసిన చిరునామా సరిగ్గా ఉండాలి: ఏ ఊరు, ఏ వాడ, పిల్ల పేరేంటి, ఏ బడి, ముహూర్తం ఎప్పుడు. అది తప్పయితే ఎంత మంచి పోస్ట్‌మ్యానైనా వాడంతా తిరిగి వెనక్కి పోవాల్సిందే. పంపినవాళ్ల గడి ఖాళీగా వదిలినా ఉత్తరం ఆగదు. "నా పేరు చెప్పలేను" అంటే సరిపోతుంది. స్టాంపు ఖర్చు కూడా లేదు, ఫోన్ ఉచితం, రాత్రీ పగలూ ఎత్తుతారు. ఇన్‌లాండ్‌కి లేని సుఖం ఇంకోటుంది, అవతలి మనిషి అప్పటికప్పుడే జవాబిస్తుంది.

మా చిన్నప్పుడు సిరిసిల్ల దిక్కు మా వాడలో చాలా ఇళ్ల మగవాళ్లు భివండిలో మగ్గాల పని చేసేవాళ్లు. ఉత్తరం వస్తే చదివిపెట్టడానికి నన్ను పిలిచేవాళ్లు, కూలీ గుప్పెడు పుట్నాలు. చీపురు పుల్ల మడతలో దూర్చి మెల్లగా చీల్చాలి. జాగా చాలక అంటించే అంచు మీద కూడా రాసేవాళ్లు కదా, తొందరపడితే ఆ వరుస జిగురుతో పాటే పోతుంది. అసలు మాట ఎప్పుడూ అక్కడే ఉండేది. మా అవ్వ ఒకటే చెప్పింది: "చదివినయి ఆ గడపలనే ఇడిసి రా." ఒకసారి అత్తగారింటికి పోయిన పిల్ల, నాకంటే ఏడాది పెద్దదేమో, తల్లికి రాయించిన ఉత్తరం చదివాను. "నేను మంచిగున్న" అని మూడుచోట్ల ఉంది. అంచు మీద మాత్రం "నాయినను ఒకసారి పంపు" అని. తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ఎవరికీ చెప్పలేదు. చెబుదామన్నా, ఇట్లాంటివి వినడానికని మనిషిని కూర్చోబెట్టిన చోటు అప్పుడు లేదు.

అట్లాంటి చోటు, ఈ చైల్డ్‌లైన్, 1996లో ముంబైలో మొదలైంది. జెరూ బిలిమోరియా అనే ఆమె టాటా సామాజిక శాస్త్రాల సంస్థలో ఉండగా, వీధుల్లో బతికే పిల్లల కోసం పెట్టించింది. హిందీలో దస్, నౌ, ఆఠ్. చదువురాని పిల్లాడికైనా నోటికొచ్చే నంబరు. 2023 నుంచి ప్రభుత్వాలే నడుపుతున్నాయి, అత్యవసర నంబరు 112తో కలిపారు.

ఫోన్ చేస్తే పోలీసులొచ్చి అమ్మానాన్నలను పట్టుకుపోతారని భయపడకండి. జిల్లా బాలల రక్షణ విభాగం వాళ్లు, అంగన్‌వాడీ సూపర్‌వైజరు, అవసరమైతే పోలీసులు ఆ ఇంటికి వెళ్తారు. బడి రికార్డులో వయసు చూస్తారు. 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. పెద్దవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడి, ఇప్పుడు పెళ్లి చేయబోమని కాగితం రాయించుకుంటారు. వినకపోతే మేజిస్ట్రేటు దగ్గర ఆపుదల ఉత్తర్వు తేవచ్చు. ఇంట్లో ఉండలేని పిల్లను బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకెళ్తారు. పెళ్లి తప్పి కస్తూర్బా విద్యాలయంలో చదువు సాగించిన పిల్లలున్నారు.

ఒక్క సంగతి దాచకుండా చెప్పాలి. నీ పేరు దాస్తారు గానీ, ఆపద సంగతి విని గమ్మున కూర్చోరు. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం. ఆ బిడ్డ పేరూ ఫొటో పేపర్లో వేయకూడదన్నదీ అదే చట్టం. బెదిరిపోయిన పిల్లలకు నాకు తోచినంతలో ఇది ధైర్యమే.

పెళ్లి గొడవ కాదు, మనసే బాగాలేదు, ఇంటర్ రిజల్ట్స్ తర్వాత నిద్ర రావట్లేదు, బతకాలని లేదు అనిపిస్తోంది అంటే 14416. టెలి మానస్ అంటారు, 2022 అక్టోబరు 10న మొదలైంది. తెలుగులోనే మాట్లాడొచ్చు. ఏడుపొచ్చి మాట రాకపోయినా ఫోన్ పెట్టేయకండి.

ఇప్పుడు లేచి మీ పాఠ్యపుస్తకాల అట్టలు తిప్పి చూడండి, లోపలి వైపు కూడా. 1098 ఏ పుస్తకంలో కనబడిందో చూసుకోండి. రేపు బడి గోడల మీద వెతకండి. ఎక్కడైనా రాసి ఉండి అంకెలు చెరిగిపోతే హెడ్మాస్టరుగారికి చెప్పి మళ్లీ రంగు వేయించండి.

మీ తాత